సాకినమ్మ అమ్మ కాదా?

పశువుల డాక్టరమ్మకు ఉత్తరాలు

గోమార్ల గురించి, పాల దిగుబడి గురించి అడిగిన ఉత్తరాలను వచ్చే నెలకు ఉంచాను. ఈసారి మూడు ఉత్తరాలు ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి. ఈ రెండు పేజీలూ వాటికే.

ప్రశ్న: డాక్టరమ్మా, మాది కర్నూలు. పెళ్ళయి ఏడేళ్ళు, పిల్లల్లేరు. మూడేళ్ళ కిందట కేసీ కెనాల్ గట్టు మీద ఎవరో సంచిలో కట్టి పడేసిన కుక్కపిల్లను తెచ్చుకున్నాం. నాటుకుక్క. సీసాతో పాలు తాపి బతికించినాను. బుజ్జమ్మ అని పేరు పెట్టినాము. దానితో మాట్లాడేటప్పుడు ‘అమ్మ వచ్చింది చూడు’, ‘నాన్నను లేపు పో’, మా అత్తను చూపించి ‘జేజి (నాయనమ్మ) దగ్గరికి పో’ అంటాను. అనుకొని అన్నది కాదు, నోటికి అట్ల వచ్చేసింది. మొన్న టీకా వేయించడానికి పోతే అక్కడ ఇచ్చిన చీటీలో నా పేరు ముందర ‘పెట్ పేరెంట్’ అని ఉంది. మా ఆడబిడ్డ దాన్ని మా అత్తకు చదివి చెప్పింది. అత్త రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ‘కుక్కకు జేజిని చేస్తివా నన్ను? జింకను సాకి జడభరతుడు జింకై పుట్టినాడు, తెలీదా నీకు?’ అనింది. ఆమె చెడ్డది కాదు. రాత్రిపూట బుజ్జమ్మకు సంగటి ముద్ద పెట్టేది ఆమెనే. నేను ఆ మాట మానుకోవాలా? కుక్కకు అమ్మననుకోవడం తప్పా?
– ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: తల్లీ, ఆ మాట మానుకోవద్దు. నీ ఉత్తరం చివరికొచ్చేసరికి అక్షరాలు వణికినట్టు ఉన్నాయి, అందుకే జవాబు ముందే చెప్పేస్తున్నాను.

అనంతపురం జిల్లాలో ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ పశువైద్యశాలల్లో పనిచేశాను. కళ్యాణదుర్గం, ఉరవకొండ, రాయదుర్గం, చివర అనంతపురం. ప్రతిచోటా రిజిస్టరులో ‘పశు యజమాని పేరు’ అని ఒక గడి ఉండేది. ఆ గడిలో వేల పేర్లు రాశాను. ఆ మాటను నోటితో పలికిన మనిషిని మాత్రం ఒక్కరిని కూడా చూడలేదు. ‘ఈ ఆవు ఎవరిది?’ అని అడిగితే ‘మేమే సాకుతాండామమ్మా’ అనేవాళ్ళు. మన సీమలో బిడ్డకూ అదే మాట, గొర్రెకూ అదే మాట. పుట్టిన నెలకే తల్లి పోతే మా నాయనను వాళ్ళ చిన్నమ్మ సాకింది. మా ఎదురింటివాళ్ళు నలభై గొర్రెలను సాకినారు. ఆ రెండు పనులకూ మనవాళ్ళు రెండు మాటలు పెట్టుకోలేదు. ‘పెట్ పేరెంట్’ అని ఇంగ్లీషులో అచ్చేసి ఇస్తే కొత్తగా, కొంచెం ఆర్భాటంగా కనిపిస్తుంది. కెనాల్ గట్టు మీద దొరికినదాన్ని సీసాతో పాలు తాపి నిలబెట్టిన మనిషిని మన ఊళ్ళో ఎప్పటినుంచో సాకినమ్మ అనే అంటారు.

ఈ మాటల తకరారు మనొక్కరిదే కాదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ నగరం 2000లో తన నిబంధనల్లో ‘యజమాని’ అన్న మాట తీసేసి ‘సంరక్షకుడు’ అని రాసుకుంది. మన జంతుహింస నివారణ చట్టం అంతకు నలభై ఏళ్ళ ముందుది, 1960 నాటిది. దాని మూడో సెక్షన్ ఏమంటుందంటే, జంతువు ఎవరి సంరక్షణలో ఉందో వాళ్ళు దాని బాగోగులు చూడాలి, అనవసరమైన నొప్పీ బాధా దానికి కలగనీయకూడదు. సాకేవాళ్ళదే పూచీ అని మనం అనేదే అక్కడ చట్టం భాషలో ఉంది. 2014లో జల్లికట్టు కేసు తీర్పు చెబుతూ, తమను తాము కాపాడుకోలేని జంతువుల హక్కులను తల్లిదండ్రుల స్థానంలో నిలబడి చూడాల్సిన ధర్మం కోర్టుకు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. జల్లికట్టు సంగతి తర్వాత చట్ట సవరణలతో మారింది. కానీ అంత పెద్ద న్యాయస్థానం తీసుకున్న స్థానాన్ని పాలసీసా పట్టుకున్న నువ్వు తీసుకుంటే నాకు తప్పు కనిపించదు.

చేపు అంటే నీకు తెలిసే ఉంటుంది. దూడ మూతి తగలగానే పొదుగులోకి పాలు దిగడం. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి, ఎనుము (గేదె) ముందర నిలబెట్టి చేపించే ఇళ్ళను నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చూశాను. ఆ గడ్డి దూడను ఎనుము నాకుతుంటే పాలు పిండే ఇల్లాలు మొహం పక్కకు తిప్పుకునేది. ఆ చేపు వెనక పనిచేసేది ఆక్సిటోసిన్ అనే హార్మోను. కాన్పు సమయంలోనూ, తల్లి బిడ్డకు పాలిచ్చేటప్పుడూ ఊరేది అదే. 2015లో జపాన్ పరిశోధకులు కుక్కల్నీ వాటిని పెంచేవాళ్ళనీ ఒక గదిలో ఉంచి చూశారు. ఒకరి కళ్ళలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకున్న జతల్లో మనిషిలోనూ కుక్కలోనూ ఆక్సిటోసిన్ పెరిగింది. మనుషులు పెంచిన తోడేళ్ళతో అలా జరగలేదు. బుజ్జమ్మ నీ మొహంలోకి చూసినప్పుడు ‘అమ్మ’ అన్న మాట దానంతటదే నోటికి రావడంలో వింతేమీ లేదు. పిల్లల్లేక కుక్కను తెచ్చుకున్నారని ఎవరో ఒకరు నీ చెవిన వేసే ఉంటారు. నాకు ఇద్దరు పిల్లలు, ఒక మనవరాలు. మా ఇంటి కుక్కకు అన్నం పెట్టేటప్పుడు నా నోటికీ ఆ మాటే వస్తుంది.

ఇక మీ అత్త సంగతి. జడభరతుడి కథ ఆమె చెప్పినంత వరకూ నిజమే. సింహం గర్జనకు బెదిరి గండకీ నది దాటబోయి దూకిన జింక, కడుపులోని పిల్లను నీళ్ళలో వదిలి చచ్చిపోతుంది. రాజ్యం విడిచి తపస్సుకు వచ్చిన భరతుడు ఆ పిల్లను ఎత్తుకొచ్చి సాకుతాడు. ప్రాణం పోయేటప్పుడు కూడా దాని మీదే ధ్యాస ఉండి జింకగా పుడతాడు. కానీ నీళ్ళలో కొట్టుకుపోతున్న పిల్లను ఎత్తుకోవడాన్ని ఆ కథ తప్పు పట్టదు. జపం, నియమం అన్నీ మరిచి దాని వెంటే తిరగడం దగ్గర ఆయనకు దారి తప్పింది. నీ ఉత్తరంలో నువ్వు మరిచిపోయిన పని ఏదీ నాకు కనిపించలేదు.

ఆమెకు ఇంకో కథ చెప్పు. శకుంతల అత్తవారింటికి బయల్దేరినప్పుడు వెనకనుంచి చెంగు పట్టి లాగింది ఎవరు? తల్లి పోతే ఆమె పెంచిన జింకపిల్ల. దర్భలు గుచ్చుకొని దాని మూతి చీలితే ఇంగుదీ నూనె రాసి మాన్పింది. పిడికిళ్ళతో ధాన్యం పెట్టి పెంచింది. కాళిదాసు కణ్వుడి చేత దాన్ని ‘పుత్రకృతకుడు’ అనిపించాడు, కొడుకుగా చేసుకున్నది అని. పశువైద్యురాలిగా నాకు ఆ నూనె సంగతి మహా ఇష్టం. కొడుకు అని పిలవడానికి ముందు పుండు మాన్పిన చెయ్యి ఉంది అక్కడ. పైగా శకుంతల తానూ కన్నవాళ్ళు వదిలేస్తే కణ్వుడు సాకిన బిడ్డే. వెళ్ళేముందు ఆమె ఆ జింకతో, ఇకమీదట నిన్ను నాన్న చూసుకుంటాడు అని చెప్పి మరీ కదులుతుంది.

నువ్వూ ఆ ఏర్పాటు చేసుకో. ఊరికి పోయినా, ఒంట్లో బాగలేక ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చినా బుజ్జమ్మను ఎవరికి అప్పజెప్పాలో ఇప్పుడే అనుకో. నాకైతే ఆ మనిషి మీ అత్తేననిపిస్తోంది.

ఆమె దగ్గర ఒక్కటి మాత్రం మానుకో. ‘జేజి దగ్గరికి పో’ అని బుజ్జమ్మతో అనకు. నీకు నువ్వు పెట్టుకున్న పేరు నీ ఇష్టం. ఆమెకు పేరు పెట్టడం నీ చేతిలో లేదు. ఆ పిలుపు కోసం ఏడేళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషి ఆమె. కుక్క మీద ఆమెకు కోపం లేదు, ఉంటే సంగటి ముద్ద పెట్టదు. చీటీలో కూడా ఉత్త పేరు చాలని వాళ్ళకు చెప్పు. వచ్చినవాళ్ళందరికీ వాళ్ళు అదే అచ్చేసి ఇస్తారు, దాని కోసం ఇంట్లో పెద్దమనిషి అన్నం మానడం వద్దు.

ఇప్పుడు రాయబోయే మాట దగ్గర నా చెయ్యి రెండుసార్లు ఆగింది. బుజ్జమ్మకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినట్టు నీ ఉత్తరంలో లేదు. ఆడకుక్కకు ఆ ఆపరేషన్ చెప్పినప్పుడు, దాన్ని బిడ్డలా చూసుకునేవాళ్ళే ఎక్కువ వెనకాడతారు. ‘ఒక్క ఈతన్నా ఈననీ డాక్టరమ్మా, తల్లి కావాలని దానికి మాత్రం ఉండదా?’ అని నా ముందర కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ కోరిక మనది తల్లీ. కుక్క ఎదకు వస్తుంది, కడుపైతే ఈనుతుంది, పాలిస్తుంది. ఈనలేదన్న దిగులు దానికి ఉండదు. ఆపరేషన్ లేని ఆడకుక్కల్లో వయసు మీరాక గర్భసంచిలో చీము పట్టడం మామూలు. అలా అర్ధరాత్రి దుప్పట్లో చుట్టి మోసుకొచ్చినవాటిలో కొన్ని నా బల్ల మీదే పోయాయి. పొదుగు గడ్డలూ అలాగే వస్తాయి. పుట్టిన పిల్లలకు ఇళ్ళు దొరక్కపోతే ఏమవుతుందో, గట్టు మీద సంచి ముడి విప్పిన నీకు నేను చెప్పక్కర్లేదు. మనిషి మనసుతో ఆలోచించి కుక్క ఒంటికి చేటు చేయకు. ఈ ఏడాదిలోనే ఆపరేషన్ చేయించు.

మిగతావి త్వరగా చెబుతాను. రేబిస్ టీకా ఏడాదికోసారి తప్పనివ్వకు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తారురోడ్డు మీద నడిపించకు. మనకు పట్టినట్టు దానికి ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పితేనే వేడి పోవాలి. చాక్లెట్, ద్రాక్ష, ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) కుక్కకు విషం లాంటివి. సంగటి ముద్దను ఎర్రగడ్డల పులుసుతో కలపొద్దని అత్తకు చెప్పు. నడిపించడానికి తీసుకెళ్ళినప్పుడు వాసన చూసుకుంటూ నిలబడితే లాక్కుపోకు. మనం పేపరు చదివినట్టు అది వీధిని చదువుకుంటోంది.

మీ ఊరి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. 2009 అక్టోబరు 2న కర్నూలును తుంగభద్ర, హంద్రీ ముంచేశాయి. నీళ్ళు తీశాక పక్క జిల్లాల నుంచి మమ్మల్ని పంపారు. బురదలో గూటాల దగ్గరే, మెడలో పలుపులతోనే ఎనుములు పడి ఉన్నాయి. వాటిని సాకినవాళ్ళు పక్కన కూర్చుని ఏడుస్తున్నారు. వాళ్ళకు ప్రేమ తక్కువై కాదు. పిల్లల్నీ ముసలివాళ్ళనీ మిద్దె ఎక్కించేసరికి నీళ్ళు నడుము దాటాయి. ఒకామె మాత్రం మిద్దె ఎక్కేముందు కొడవలితో మూడు పలుపులూ కోసేసింది. నాలుగో రోజు రెండు ఎనుములు తిరిగొచ్చాయి. వాటి కాళ్ళకు మందు రాస్తూ ‘బిడ్డల్లా చూసుకున్నావమ్మా’ అన్నాను. ‘కట్టేసింది నేనే కదమ్మా, ఇంకెవరు ఇప్పుతారు?’ అంది. తన కుక్కకు అమ్మనని ఎవరు చెప్పినా నాకు ఆ కొడవలే గుర్తొస్తుంది.

ప్రశ్న: అమ్మా, నాకు డెబ్బై రెండేళ్ళు. బెంగళూరులో ఉండే నా మనవడు వాళ్ళ కుక్కకు తాను ‘డాడీ’నంటాడు. పండక్కి వచ్చినప్పుడు, నేను కరువులో ఎద్దుల్ని అమ్మిన సంగతి మాటల్లో వచ్చింది. ‘బిడ్డలంటావు, బిడ్డల్ని ఎవరన్నా అమ్ముతారా తాతా?’ అన్నాడు. అప్పటినుంచి మనసు బాగలేదు. మేము బిడ్డలనుకున్నది అబద్ధమేనా?
– ఓ రైతు, ఉరవకొండ దగ్గర

జవాబు: అన్నా, అబద్ధం కాదు. 2002 కరువులో నేను మీ పక్కనే ఉన్నాను. శెనక్కాయ పంట పోతే కాయలతో పాటు కట్టె కూడా పోతుంది. మన పశువులకు ఆ కట్టే కదా మేత. వామి అయిపోయిన ఇంట్లో ఎద్దును ఉంచుకోవడమంటే దాన్ని కళ్ళముందర ఎండగట్టడమే. ఆ ఏడాది సంతలో ఒకాయన తన ఎద్దులకు పసుపు కుంకుమ పెట్టి, ఇచ్చిన డబ్బు లెక్క కూడా చూసుకోకుండా జేబులో వేసుకున్నాడు. పలుపులు మాత్రం విప్పి చేతికి చుట్టుకొని, వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోయాడు. కొన్నవాళ్ళు తాళ్ళు వేరే తెచ్చుకున్నారు. మీ ఇంట్లోనూ ఏ దూలానికో ఆ పలుపులు వేలాడుతుంటాయని నాకు నమ్మకం.

మీ మనవడిని తప్పు పట్టకండి. మేత అయిపోయిన ఏడాదిని ఆ పిల్లవాడు చూడలేదు. వాళ్ళ కుక్క తిండి నెలనెలా సంచిలో వస్తుంది. అయితే ఆయనకు ఒక మాట చెప్పండి. ఏరువాక పున్నమి నాడు మీరు ఎద్దుల కాళ్ళు కడిగి, కొమ్ములకు రంగులు పూసి, బొట్టు పెట్టి మొక్కుతారు. బిడ్డకు ఎవరైనా మొక్కుతారా? పొలంలో మీతో సమానంగా కష్టపడింది, మీ పిల్లల ఫీజులు కట్టింది, ఏడాదికోరోజు దేవుడైంది. బిడ్డ అన్న మాట ఆ ఎద్దుకు చాలదు, డాడీ అన్న మాట మీకు చాలదు. అవి ఏ రోజు అమ్ముడుపోయాయి, ఏది లారీ ఎక్కనని మొరాయించింది, ఆ రాత్రి ఇంట్లో ఎవరు అన్నం తిన్నారు, ఎవరు తినలేదు, అంతా చెప్పండి. ఖాళీ గాటిపాట దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పండి. కుక్కను ప్రేమించడం తెలిసిన పిల్లవాడు కాబట్టి ఆయనకు అర్థమవుతుంది.

ప్రశ్న: డాక్టరవ్వా, నేను ఏడో తరగతి. మా ఇంట్లో పొట్టేలు ఉంది. అది పుట్టినప్పుడు వాళ్ళమ్మ పాలు ఇయ్యలేదు. నేనే సీసాతో తాపినాను. అది ఇస్కూలు గేటు దాకా నా వెంట వస్తాది. నేను దానికి అక్కననుకుంటాను. మా జేజి ‘జాతరకు అనుకున్నదానికి పేరు పెట్టగూడదు’ అంటాది. నేను ఒక పేరు పెట్టినాను. ఎవరికీ చెప్పలేదు. నేను దానికి అక్కనేనా?
– ఒక పాప, కడప జిల్లా

జవాబు: పాపా, నువ్వు అక్కవే. పుట్టిన గొర్రెపిల్లకు మొదటి రోజు పాలు అందకపోతే బతకడం కష్టం. నువ్వు తాపినావు కాబట్టే అది ఇప్పుడు ఇస్కూలు గేటు దాకా వస్తోంది.

జాతర సంగతి నీకు అబద్ధం చెప్పను. దాన్ని ఆపుతానని నీకు మాట ఇవ్వలేను. మీ నాయనతో నువ్వే మాట్లాడు. జాతర ముందురోజు ఏడుస్తూ అడిగితే ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు, ఈ వారమే నెమ్మదిగా అడుగు. టెంకాయ కొట్టి, గుమ్మడికాయ కొట్టి మొక్కు తీర్చుకునే ఇళ్ళు కూడా ఉన్నాయని నేను చెప్పినానని చెప్పు. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే అది నీ తప్పు కాదు, నువ్వు అక్కవు కాకుండా పోవు.

మీ జేజిని ఒకటి అడుగు. చిన్నప్పుడు ఆమె కూడా ఒక పిల్లకు పేరు పెట్టిందేమో అడుగు. పెట్టి, తర్వాత ఏడ్చిన మనిషే అట్లా వద్దంటుంది.

అక్క చేయాల్సిన పనులు రెండు చెబుతాను. మీ ఊరి పశువైద్యశాలలో నట్టల మందు అడిగి తాపించు. తొలకరికి ముందే చిటుక రోగం టీకా వేయించు. తొలి వానలకు మొలిచిన లేతగడ్డి ఒక్కసారిగా ఎక్కువ మేస్తే ఆ రోగం వస్తుంది, పొద్దున ఎగిరి గంతులేసినది సాయంత్రానికి పడిపోతుంది. జాతరకు పోయేదానికి టీకా ఎందుకని ఎవరైనా అంటే, ఉన్నన్ని రోజులూ అది నొప్పి లేకుండా ఉండాలని చెప్పు.

నువ్వు పెట్టిన పేరు నాకు రాయి. పత్రికలో వేయను.